5.1 స్పీకర్లు కొనబోతున్న శీనుకి

ఒరేయ్ శీనూ,

ఎలా ఉన్నావు? కంప్యూటర్‌కి 5.1 స్పీకర్లు, అంటే చుట్టూ ఐదు స్పీకర్లూ బేస్ కోసం ఒక సబ్‌వూఫరూ ఉన్న సెట్ కావాలని ఎక్కడ అడిగినా సౌండ్‌బార్ చేతిలో పెడుతున్నారని రాశావు కదా. ఫోన్‌లో చెప్తే సగం గాలికి పోతుందని తీరిగ్గా కూర్చుని రాస్తున్నా.

నువ్వన్నది నిజమేరా, ఇవి దొరకడం బాగా తగ్గిపోయింది. ఒకప్పుడు క్రియేటివ్, లాజిటెక్, క్లిప్ష్ పోటీపడి సెట్లు తెచ్చేవి. క్రియేటివ్ వాళ్ల గిగావర్క్స్ ఎస్750 అయితే ఏకంగా 7.1, అంటే ఏడు స్పీకర్లు. కంప్యూటర్‌కి పెద్ద సెట్ అనగానే ఇప్పటికీ మొదట వినిపించే పేరు 2011లో వచ్చిన లాజిటెక్ జెడ్906. అన్నేళ్ల కిందటి డిజైన్ కదా, ధర దిగొచ్చి ఉంటుందనుకుంటాం. పోటీకి ఎవరూ లేనప్పుడు ఎందుకు దిగుతుంది? పైగా పెట్టె బరువు, రవాణా ఖర్చు కూడా మన మీదే పడతాయి.

ఈ పరిస్థితి ఒక్కరోజులో రాలేదు. గేముల్లో శబ్దం ఎటునుంచి వస్తుందో లెక్కగట్టే పనిని మొదట్లో సౌండ్ కార్డే చేసేది. విండోస్ విస్టా వచ్చాక ఆ దారి మూసుకుపోయింది, ఖరీదైన కార్డులకు గిరాకీ పడిపోయింది. ఈలోపు డెస్క్‌టాప్‌ల స్థానంలోకి ల్యాప్‌టాప్‌లు వచ్చాయి. 2017లో విండోస్‌లోకే విండోస్ సోనిక్ వచ్చి చేరింది. మామూలు హెడ్‌ఫోన్స్‌తోనే చుట్టూ శబ్దం ఉన్న భ్రమ కల్పిస్తుంది. చాలామందికి అది సరిపోయింది. నాకు మాత్రం సరిపోలేదురా. వెనక నిజంగా ఒక స్పీకర్ ఉండి, వాన సీన్‌లో చినుకుల చప్పుడు భుజం వెనకనుంచి వస్తే ఆ సుఖమే వేరు. అందుకే నువ్వు మనసు మార్చుకోకూడదని నా కోరిక.

ఇక వాట్ల సంగతి. పెట్టె మీద పెద్దక్షరాలతో వేసిన అంకె చూసి మోసపోకు. పీఎంపీఓ (క్షణంపాటు వచ్చే గరిష్ఠ శక్తి అని వేసే అంకె) అని ఉంటే దాన్ని అసలు పట్టించుకోవద్దు, ఆర్‌ఎంఎస్, అంటే నిలకడగా ఇచ్చే శక్తి ఎంతో చూడు. జెడ్906 ఆర్‌ఎంఎస్ 500 వాట్లు. అందులో 165 సబ్‌వూఫర్‌కే పోతాయి, మిగతా ఐదు స్పీకర్లకూ తలా 67. లాజిటెక్‌దే చిన్న సెట్ జెడ్606 ఉంది, ఆర్‌ఎంఎస్ 80 వాట్లే. చిన్న గదిలో, టేబుల్ ముందు కూర్చుని వినేవాడికి అదేమీ తక్కువ కాదు.

డబ్బు కట్టేముందు ఒక్క పని చెయ్యి. సీపీయూ వెనక్కి తిప్పి ఆడియో జాక్‌లు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టు. 5.1కి మూడు కావాలి. ఐదారు ఉన్న మదర్‌బోర్డులో ఆకుపచ్చది ముందు స్పీకర్లకు, నలుపు వెనకవాటికి, నారింజ రంగుది సెంటర్‌కీ సబ్‌వూఫర్‌కీ. మూడే ఉంటే మైక్ జాక్‌నీ లైన్-ఇన్‌నీ కూడా స్పీకర్లకు వాడుకునేలా డ్రైవర్ సెట్టింగ్స్‌లో మార్చుకోవచ్చు. కొత్త బోర్డుల్లో కొన్నింటికి రెండు జాక్‌లూ కాంతి కేబుల్‌తో శబ్దాన్ని పంపే ఒక ఆప్టికల్ పోర్టూ మాత్రమే ఇస్తున్నారు, అసలు టెన్షన్ అక్కడే. ఆప్టికల్‌లో మామూలుగా వెళ్లేది స్టీరియో. సినిమాలోని డాల్బీ డిజిటల్ ట్రాక్ అలాగే వెళ్లిపోతుంది కానీ, గేముల శబ్దం ఐదు స్పీకర్లకూ చేరాలంటే బోర్డుకి ఆ శబ్దాన్ని అప్పటికప్పుడు డాల్బీ డిజిటల్‌గా మార్చే డాల్బీ డిజిటల్ లైవ్ లాంటిది ఉండాలి. అది లేకపోతే, ల్యాప్‌టాప్ అయినా సరే, యూఎస్‌బీ సౌండ్ కార్డ్ ఒకటి కొనాలి. దాని మీద మూడు అవుట్‌పుట్ జాక్‌లు కనబడాలి. ‘వర్చువల్ 7.1’ అని మాత్రమే రాసి ఉంటే అది హెడ్‌ఫోన్స్ కోసం చేసింది, నీకు పనికిరాదు.

ఆ కార్డు ఖర్చు కూడా కలిపి లెక్క వేసుకుంటే, ఇంకో దారి మెరుగ్గా కనిపిస్తుంది. నాకైతే అదే ఇష్టం. హెచ్‌డీఎంఐ ఉన్న సెకండ్ హ్యాండ్ ఏవీ రిసీవర్ (స్పీకర్లన్నిటినీ నడిపే ఆంప్లిఫయర్ పెట్టె) తీసుకుని, దానికి విడి స్పీకర్లు కలుపుకోవడం. గ్రాఫిక్స్ కార్డ్ నుంచి ఒక్క కేబుల్ వేస్తే సినిమాలూ గేములూ అన్నీ 5.1లోనే వస్తాయి. ముందు రెండు స్పీకర్లతో మొదలుపెట్టి, చేతిలో డబ్బు ఆడినప్పుడు వెనకవి తెచ్చుకోవచ్చు. ఒక స్పీకర్ పాడైతే అదొక్కటే మార్చుకుంటావు. విండోస్‌లో రిసీవర్ ఇంకో మానిటర్‌లా కనబడుతుంది, కంగారుపడకు.

పాత 5.1 సెట్ ఏదైనా దొరికితే వదలొద్దు కానీ, కంట్రోల్ పాడ్ (వాల్యూమ్ మార్చే చిన్న డబ్బా) ఉందో లేదో, పనిచేస్తోందో లేదో ముందు చూడు. చాలా సెట్లలో అది లేకపోతే స్పీకర్లన్నీ బాగున్నా ఒక్కటీ మోగదు. విడిగా దొరకడం కూడా కష్టం.

ఒకమాట ముందే చెప్తున్నా, యూట్యూబ్‌లో పాటలు పెట్టి వెనక స్పీకర్లు మోగట్లేదని నాకు ఫోన్ చెయ్యకు. అవి స్టీరియో పాటలు. సెట్ సరిగ్గా కుదిరిందో లేదో తెలియాలంటే విండోస్ సౌండ్ సెట్టింగ్స్‌లో 5.1 ఎంచుకుని టెస్ట్ నొక్కు, ఒక్కో స్పీకర్ వంతులవారీగా మోగుతుంది. వెనకవాటిని గోడ మూలల్లో పైకి ఎక్కించెయ్యకుండా, నీకు రెండు పక్కలా చెవుల కంటే కాస్త వెనగ్గా పెట్టు.

వెనక గోడకూ నీ కుర్చీకీ మధ్య ఎంత జాగా ఉందో కొలిచి రాయి. సీపీయూ వెనకభాగం ఫొటో కూడా పంపు. అవి చూశాక ఈ రెండు దారుల్లో నీకు ఏది కుదురుతుందో చెప్తాను. ఈలోగా ఆఫర్ పోతుందని ఎవరైనా తొందరపెట్టినా సౌండ్‌బార్ మాత్రం కొనెయ్యకురా.

నీ
రఘు