నా పెళ్లికి నా కొట్టులోంచి ఏం తీసుకున్నానంటే

మన కస్టమర్లందరికీ నమస్కారం. ఈ శ్రావణంలో నా పెళ్లి. ఈవెంట్ వాళ్లకు అప్పజెప్పకుండా చాలావరకు మేమే చేసుకుంటున్నాం. అందుకని ఆషాఢ అమావాస్య దాటాక వచ్చే ఆర్డర్లు ఈసారి తీసుకోలేను. నాలుగు డబ్బులు కళ్లజూసేది శ్రావణంలోనే, ఆ బాధ నాకూ ఉంది. "పంతులుగారు నీ గిరాకీ చూసి ముహూర్తం పెడతారా" అంటుంది అమ్మ.

కార్డులు పంచుతుంటే అందరిదీ ఒకటే మాట: "నీకేంటమ్మా, పెళ్లి సామానంతా కొట్లోనే ఉంది." ఉంది కానీ, అమ్మే ప్రతిదీ నా పెళ్లికి వాడట్లేదు. ఏది ఎందుకో చెప్తాను, మీ పెళ్లి మీరే చేసుకుంటుంటే పనికొస్తుంది.

అడ్డుతెర మనదే. కాకపోతే మీలో ఎక్కువమంది అడిగే నెట్ క్లాత్‌ది కాదు. వెనక నుంచి వీడియో లైటు పడిందంటే పెళ్లికొడుకు మొహం ఇవతలికి కనిపిస్తుంది, ఇంక తెర ఎందుకు? పైగా జీలకర్ర బెల్లం పెట్టేదాకా ఇద్దరు దాన్ని ఎత్తి పట్టుకోవాలి. పూసలు, అద్దాలు, గజ్జెలు కుట్టిన తెర కాసేపటికే నడుమ జారుతుంది, పట్టుకున్నవాళ్ల చేతులు లాగేస్తాయి. నాకోసం తేలికపాటి కాటన్‌తో కుట్టుకుని, వెనక లైనింగ్ వేశాను. పై అంచు గొట్టంలా మడిచి అందులో సన్నటి కర్ర దూర్చాను. కర్ర ఉంటే తెర వంగదు. కొత్తగా కుట్టేవన్నీ ఇక ఇలాగే ఉంటాయి. అద్దెకు 500, కొంటే 1,800, పాత రేట్లే.

కొబ్బరి బొండాం అలంకరించి ఇమ్మని వారం ముందే అడుగుతున్నారు. అలా ఇవ్వను. పచ్చి బొండాం మీద చెమ్మ ఉంటే గ్లూ నిలవదు, రోజులు గడిస్తే తొడిమ దగ్గర నల్లబడుతుంది. పైన వేసే తొడుగు మాత్రం మా దగ్గర తీసుకోండి. ముందురోజు సాయంత్రం చిన్న బొండాం తెచ్చి, పొడిగుడ్డతో తుడిచి తొడిగితే సరి. చిన్నదే తీసుకోండి, మండపం దాకా మోసేది మీరే.

ముత్యాలు, థర్మకోల్ బంతులు కలిపిన తలంబ్రాల ప్యాకెట్టు నేను తీసుకోవట్లేదు. అవి జడలో ఇరుక్కుంటే తీయడానికి ఇద్దరు కావాలి. ఇంట్లో బియ్యానికి పసుపు, కాస్త నెయ్యి పట్టిస్తే చాలు. గోటి తలంబ్రాలు దొరుకుతాయా అని ఒకరిద్దరు అడిగారు. మా దగ్గర్లోని కోరుకొండలో భక్తులు వడ్లు గోటితో వలిచి భద్రాచలం రాములోరి కల్యాణానికి పంపుతారు. అది వాళ్ల భక్తి, మనం రేటు కట్టి అమ్మేది కాదు. జీలకర్ర బెల్లం కూడా డబ్బాలో పెట్టి అమ్మను. ఆ పూటే ఇంట్లో నూరండి, నీళ్లు పోయకుండా. బెల్లం చెమ్మే సరిపోతుంది, పలచనైతే తమలపాకు మీద నిలవదు.

పూలు కడియం నుంచే. ముహూర్తాలు ఎక్కువున్న రోజు మల్లె రేటు ముందే చెప్పడం ఎవరి వల్లా కాదు. అందుకని పూలజడకే మల్లెలు, మండపానికి బంతి, మామిడాకులు పెట్టుకుంటున్నాను. మీరు ఫోటోలో చూపించిన మండపం మొత్తం మల్లెలతో కావాలంటే మాత్రం బడ్జెట్ నన్నడక్కండి!

అన్నిటికన్నా పెద్ద టెన్షన్ వేరే ఉంది. పెళ్లికూతుర్ని చేశాక ఇంట్లోవాళ్లు గడప దాటనివ్వరు. గోరింటాకు చేతులతో ఏ మూటా విప్పలేం. కాబట్టి "నేనే చూసుకుంటా" అనేది అంతకుముందు రోజు వరకే. నా సామాను తంతుకో సంచి చొప్పున కట్టాను: గౌరీపూజ, కన్యాదానం, జీలకర్ర బెల్లం, తలంబ్రాలు, అప్పగింతలు. ప్రతి సంచికీ లోపల ఏముందో చీటీ ఉంది. సంచులన్నీ పిన్ని చేతికిచ్చేశాను, ఆవిడ్ని తప్ప ఇంకెవర్నీ అడగొద్దని అందరికీ చెప్పాను. ఇకపై మీ ఆర్డర్లు కూడా ఇలాగే తంతువారీగా కట్టి ఇస్తాం, దానికి వేరే డబ్బు లేదు.

ఇప్పటికే అడ్వాన్సు ఇచ్చినవాళ్ల సామాను మాట ప్రకారం అందుతుంది. నేను లేనన్నాళ్లూ అద్దె తెరలు, పళ్లాలు ఇచ్చేదీ తీసుకునేదీ మా తమ్ముడే. వాడికి రేట్లు సరిగా తెలియవు, దయచేసి వాడితో బేరాలాడకండి.