మా పెరటి గాలిమరకి మీ కంప్యూటర్లో కాలమ్ లేదు: మంత్రులకు ఓ బహిరంగ లేఖ

గౌరవనీయులైన పంచాయతీరాజ్ శాఖ మంత్రి గారికి, ఇంధన శాఖ మంత్రి గారికి,

నమస్కారమండి. ఒకే ఉత్తరం ఇద్దరికీ రాస్తున్నానని ఏమీ అనుకోకండి. నా పని మీ ఇద్దరిలో ఎవరి కిందికి వస్తుందో తెలుసుకుందామని ఏడు నెలలు తిరిగాను. ఇంకా తెలియలేదు.

నేను మోటార్లు వైండింగ్ చేసుకుని బతికేవాణ్ణి. అమలాపురానికి దక్షిణంగా, సముద్రానికి దగ్గర్లో మా ఊరు. షాపు పెట్టి 26 ఏళ్లయింది. మొదట్లో బోరు మోటార్లు, ఫ్యాన్లు, మిక్సీలు వచ్చేవి. ఇప్పుడు ఎక్కువగా రొయ్యల చెరువుల్లో నీటికి గాలి అందించే ఏరేటర్ల మోటార్లే. మా ఇల్లు ఊరి చివర. దక్షిణం తలుపు తీస్తే చేలు, చెరువులు, అవి దాటితే సరుగుడు తోట, దాని వెనక సముద్రం హోరు. మధ్యలో ఒక్క కొబ్బరి చెట్టు లేదు. కోనసీమలో అలాంటి చోటు ఎంత అరుదో మీకు చెప్పక్కర్లేదు. ఆ వైపు నుంచి వచ్చే గాలికి మా పెరట్లో చిన్న గాలిమర పెట్టుకోవాలని నా కోరిక. రెక్కల చక్రం అడ్డం 2.2 మీటర్లు, కింద 40 అడుగుల పైపు, పక్కన బ్యాటరీలు. అంతే.

ముందు మా గ్రామ సచివాలయానికి వెళ్లాను. అక్కడి కుర్రాడు మంచివాడు, మా అబ్బాయి వయసు ఉంటుంది. బిల్డింగ్ పర్మిషన్ పేజీ తెరిచి తెర నా వైపు తిప్పాడు. "బాబాయ్ గారూ, ఇది ఇల్లా, షాపా, ప్రహరీ గోడా?" అన్నాడు. ఏదీ కాదండి, గాలిమర అన్నాను. టవర్ అందామంటే సెల్ కంపెనీ పేరు అడుగుతోంది. ఎన్ని అంతస్తులు అన్న గడిలో సున్నా కొడితే ఎర్ర అక్షరాల్లో సరైన సంఖ్య నమోదు చేయమంది. ఒకటి కొడితే ప్లింత్ ఏరియా అడిగింది. నా పైపుకి నేల మీద కావలసింది మూడడుగుల కాంక్రీటు దిమ్మ. కుర్రాడు కాసేపు బుర్ర గోక్కుని, "పోనీ, మరుగుదొడ్డి అని పెట్టేద్దామాండీ?" అన్నాడు. ఇద్దరం నవ్వుకున్నాం. 40 అడుగుల మరుగుదొడ్డి!

తర్వాత కరెంటాఫీసు. అక్కడ ఇంకా మర్యాదగా కూర్చోబెట్టారు. "సోలార్ అయితే చెప్పండి, వారంలో పెట్టించేద్దాం" అన్నారు. నిజమే, పీఎం సూర్యఘర్‌లో మూడు కిలోవాట్లకి 78 వేల రూపాయల సబ్సిడీ వస్తుంది. 2024 ఫిబ్రవరిలో పథకం వచ్చిన దగ్గర్నుంచి మా వీధిలోనే మూడు డాబాల మీద పలకలు వెలిశాయి. సోలార్‌ని నేను తక్కువ చేయడం లేదు. కానీ ఆషాఢ, శ్రావణాల్లో మబ్బు పట్టి వారమేసి రోజులు ఎండ మొహం కనబడనప్పుడే మా దక్షిణపు చేల మీద గాలి విసురుగా ఉంటుంది. ఎండ లేనప్పుడు గాలి, గాలి లేనప్పుడు ఎండ. రెండూ ఉంటే చిన్న బ్యాటరీతో సరిపోతుంది. ఈ మాటే చెప్పాను. "దీనికి మా దగ్గర ఫారం లేదండి, పంచాయతీ వాళ్లు ముందు ఒప్పుకోవాలి" అన్నారు. పంచాయతీకి వెళ్తే, ముందు కరెంటు వాళ్లు ఒప్పుకోవాలి అన్నారు. చెట్టు ముందా విత్తు ముందా!

ఇక్కడ ఒక పెద్దాయన నన్ను పక్కకి పిలిచి సలహా ఇచ్చాడు. "అడక్కుండా పెట్టేసుకో. ఎవడడుగుతాడు? అడిగావు కాబట్టే కాదంటున్నారు." ఊళ్లో సగం పనులు ఇలాగే జరుగుతాయని నాకూ తెలుసు. నేనెందుకు అలా చేయలేదో చెప్పడానికే ఈ ఉత్తరంలో ఎక్కువ చోటు తీసుకుంటాను. అదే అసలు సంగతి.

1996 నవంబరు 6 రాత్రి తుపాను కాకినాడకి దక్షిణంగా తీరం దాటినప్పుడు నేను అమలాపురంలో పని నేర్చుకుంటున్నాను. తెల్లారి బయటికి వస్తే కొబ్బరి చెట్లు మొవ్వులు విరిగి, తలలు లేని మొండేల్లా నిలబడ్డాయి. వెయ్యి మందికి పైగా పోయారు. కరెంటు స్తంభాలు వరసగా చేలల్లో పడుకున్నాయి. ఆ తర్వాత నెలల తరబడి మా గురువు గారి షాపు ముందు నీళ్లు తాగిన మోటార్లు గుట్టలు పడ్డాయి. విప్పితే లోపల బురద, ఉప్పు, రాగి తీగ మీద పచ్చగా చిలుము. ఎండలో ఆరబెట్టి, కాలిన వార్నిష్ గీకి, మళ్లీ చుట్టడమే పని. గాలి ఏం చేయగలదో అప్పుడు చూశాను. అందుకే గాలిమర నాకు బొమ్మ కాదు.

ఇళ్లూ టవర్లూ కట్టేవాళ్లు చూసే భారత ప్రమాణం ఐఎస్ 875లో విశాఖకీ విజయవాడకీ లెక్కలోకి తీసుకోమన్న గాలి వేగం సెకనుకి 50 మీటర్లు. అంటే గంటకి 180 కిలోమీటర్లు. మామూలు రోజు మా పెరట్లో వీచే గాలి ఐదు మీటర్లు అనుకోండి. వేగం పది రెట్లు పెరిగితే పైపు మీద తోపు పది రెట్లు కాదు, వంద రెట్లు అవుతుంది. యూట్యూబ్ చూసి రెండు బస్తాల సిమెంటుతో పాతిన గాలిమర ఆ రాత్రి ఎవరింటి మీద పడుతుంది? మా పడమటింటి అన్నయ్యగారిది పెంకుటిల్లు. ఆయన మొదటి రోజే అడిగాడు, "తమ్ముడూ, అది నా నెత్తిన పడితే?" అని. ఆయన అడిగింది న్యాయం. ఆ ప్రశ్నకి జవాబు నా నోటి మాట కాకూడదు, ప్రభుత్వం రాసిన రూలు కావాలి.

రెండోది లైన్‌మన్ ప్రాణం. తుపాను మర్నాడు ఊరంతా చీకటి. లైన్ ఆపేశారని నమ్మి లైన్‌మన్ స్తంభం ఎక్కుతాడు. కింద ఏ ఇంట్లోనో జనరేటరో గాలిమరో తిరుగుతూ ఉండి, మెయిన్ స్విచ్ తీయకపోతే ఆ కరెంటు వెనక్కి లైన్లోకి పాకుతుంది. ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎటునుంచి వచ్చిందో అక్కర్లేదు. పైనుంచి వస్తే 11 వేల వోల్టుల్ని తగ్గించినట్టే, కింది నుంచి వస్తే 11 వేలకి పెంచుతుంది. ఇంట్లో రెండు ఫ్యాన్లు తిప్పుకుందామని పెట్టింది స్తంభం మీద ఒకడిని చంపగలదు. నా షాపుకొచ్చి టీ తాగే లైన్‌మన్లు ఇద్దరున్నారు. వాళ్ల మొహం చూసి నేను దొంగతనంగా పెట్టలేను.

అంచేత నాకు రూలు కావాలి. రూల్ తీసేయమని అడిగేవాళ్లని మీరు రోజూ చూస్తుంటారు. నేను రూల్ పెట్టమని అడుగుతున్నాను.

చట్టం అడ్డమా అంటే, కాదు. 2003 విద్యుత్ చట్టం ప్రకారం కరెంటు తయారుచేసుకోడానికి లైసెన్స్ అక్కర్లేదు. 2020 డిసెంబరులో కేంద్రం ఇచ్చిన విద్యుత్ వినియోగదారుల హక్కుల నిబంధనల్లో, కరెంటు వాడుకుంటూ తానూ తయారుచేసుకునేవాడు రూఫ్‌టాప్ సోలార్ సహా పునరుత్పాదక విద్యుత్ యూనిట్ పెట్టుకోవచ్చని ఉంది. "సహా" అన్నారంటే సోలార్ ఒక్కటే అని కాదు కదా. మరి 2002 నాటి గ్రామ పంచాయతీ లేఅవుట్, బిల్డింగ్ రూల్స్‌లో ఇంటి గాలిమర మాట ఎక్కడుందో నేను అడిగినవారెవరూ చూపించలేకపోయారు. రాష్ట్రం 2024లో సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం తెచ్చి 160 గిగావాట్లకి పైగా స్వచ్ఛ విద్యుత్ లక్ష్యమంది. సంతోషం. అనంతపురం వైపు రామగిరి కొండల మీద పెద్ద గాలిమరలు 1990లలోనే వెలిశాయి. పెద్దవాటికి దారి ఉంది, చిన్నదానికి గడి లేదు.

మా మేనల్లుడు ఇంగ్లండ్‌లో ఉంటాడు. అక్కడి రూలు ఫోన్లో పంపాడు. 2011 డిసెంబరు నుంచి అక్కడ ఇంటి ఆవరణలో ఒక చిన్న గాలిమరకి, షరతులకి లోబడితే, విడిగా ప్లానింగ్ పర్మిషనే అక్కర్లేదు. రెక్క కొసతో కలిపి ఎత్తు 11.1 మీటర్లు దాటకూడదు. రెక్కలు ఊడ్చే వైశాల్యం 3.8 చదరపు మీటర్లు మించకూడదు. రెక్క నేలకి 5 మీటర్ల పైన ఉండాలి. మొత్తం ఎత్తు మీద ఇంకో పదో వంతు కలిపి అంత దూరం పక్కవాడి హద్దుకి ఉండాలి. అంటే పడినా మన స్థలంలోనే పడాలి. నాకు బాగా నచ్చింది ఈ ఆఖరిది. మా అన్నయ్యగారికి చెబితే ఆయనకీ నచ్చింది. నా పైపు, రెక్క కలిపి 44 అడుగులు, పదో వంతు కలిపితే 48 అడుగుల పైచిలుకు. ఆయన హద్దు 60 అడుగుల దూరం.

అలాగని ఆ రూలుని యథాతథంగా దించుకోమని అనను. 11 మీటర్లంటే 36 అడుగులు. మన కొబ్బరి చెట్టు 60 అడుగులు అవలీలగా పెరుగుతుంది. గాలిమర చుట్టుపక్కల మూడు నాలుగు వందల అడుగుల్లో ఉన్న దేనికంటేనైనా 30 అడుగులు పైనుండాలన్నది ఈ పని తెలిసినవాళ్ల మాట. లేకపోతే చెట్ల వెనక గాలి సుడులు తిరుగుతుంది, రెక్కలు తిరిగినట్టుంటాయి, కరెంటు రాదు. అంటే కోనసీమలో నూటికి తొంభై ఇళ్లకి గాలిమర దండగ. తోటలో ఇల్లున్నవాడికి నేనే వద్దని చెబుతాను. సముద్రపు ఒడ్డు ఊళ్లు, చెరువు గట్లు, చేల మధ్య ఇళ్లు, వీటికే పనికొస్తుంది. కోరంగి అభయారణ్యం దరిదాపుల్లో పక్షుల దృష్ట్యా అసలే వద్దనండి, ఒప్పుకుంటాను. సముద్రపు పోటు గీత నుంచి 500 మీటర్లలోపు కోస్తా నిబంధనలు ఎలాగూ ఉన్నాయి.

ఇంకో మోసం కూడా ఆపాలి. "ఒక కిలోవాట్ గాలిమర, రోజుకి 24 యూనిట్లు" అని ఫోన్లలో ప్రకటనలు వస్తున్నాయి. నేను చుట్టే రాగి తీగ మీద ప్రమాణం, అది అబద్ధం. గాలి వేగం రెట్టింపైతే అందులో శక్తి ఎనిమిది రెట్లవుతుంది, సగమైతే ఎనిమిదో వంతుకి పడుతుంది. 2.2 మీటర్ల చక్రం గాలిలోంచి 30 శాతం లాగుతుందనుకుందాం. సెకనుకి మూడు మీటర్ల గాలికి రెండు ఎల్ఈడీ బల్బులు వెలుగుతాయి. ఆరు మీటర్లకి రెండు సీలింగ్ ఫ్యాన్లు. పన్నెండు మీటర్లొస్తే ఒక హెచ్‌పీ మోటారు తిరుగుతుంది, కానీ ఆ గాలి రోజూ వస్తే మేం ఈ ఊళ్లో ఉండలేం. నేను పోయినేడు ఎండాకాలం డాబా మీద గాలి వేగం కొలిచే కప్పుల మీటరు పెట్టి నోటుబుక్కులో రాశాను. మధ్యాహ్నం రెండు దాటాక సముద్రపు గాలికి కప్పులు కనబడనంతగా తిరుగుతాయి. తెల్లవారుజామున చాలా రోజులు కదలనే కదలవు. ఏరేటర్లకి ఇది పనికొస్తుందా అని చెరువుల రైతులు నన్ను అడుగుతున్నారు. రొయ్యకి ఊపిరి అందక తేలేది ఆ తెల్లవారుజామునే. అందుకని వాళ్లకి లేదనే చెబుతున్నాను. అమ్మేవాడు మాత్రం లేదనడు. చెన్నైలో జాతీయ పవన శక్తి సంస్థ ఉంది, తమిళనాడులోనే కయత్తార్‌లో దాని పరీక్షా కేంద్రం ఉంది. అలాంటి చోట పరీక్ష నెగ్గిన మోడళ్లకే మీ ఫారంలో చోటివ్వండి.

సబ్సిడీ అడగడం లేదండి. మిగులు కరెంటుని లైన్లోకి పంపి లెక్క కట్టించుకునే నెట్ మీటరు కూడా వద్దు. నాది బ్యాటరీ, విడి వైరింగ్, మధ్యలో లైన్ కరెంటో గాలిమర కరెంటో ఏదో ఒక్కటే ఇంట్లోకి వచ్చేలా చేసే చేంజోవర్ స్విచ్, అది లైన్‌మన్ తాళం వేసుకునేలా. మా ఇంటి స్తంభానికి "ఇక్కడ గాలిమర ఉంది" అని పచ్చ బోర్డు కట్టమన్నా కడతాను. పైపు కాలి దగ్గర మడత బందు పెట్టి, చైన్ పుల్లీతో పడుకోబెట్టేలా చేయిస్తున్నాను. తుపాను హెచ్చరిక రాగానే నలుగురం కలిసి దాన్ని నేలకి దించేయొచ్చు. ఈ మధ్య తుపాన్లు ముందే చెప్పి వస్తున్నాయి కదా. "హెచ్చరిక వచ్చాక దించకపోతే జరిమానా" అని రూల్లో రాయండి. పైపుని పడకుండా లాగి పట్టే స్టే వైర్లు రోడ్డు వైపు రాకూడదనీ, 11 వేల వోల్టుల లైనుకి పైపు పొడుగు కంటే దగ్గరగా ఉండకూడదనీ రాయండి. ఏడాదికోసారి ఉప్పు గాలికి తిన్న బోల్టులు మార్చినట్టు ఫొటో పెట్టమనండి. ఇవన్నీ చూసి నాది పనికిరాదని తేలితే, కాగితం మీద కాదని రాసివ్వండి. ఆ కాగితం తెచ్చుకుని ఊరుకుంటాను. ఇప్పుడు నా దగ్గర అవునన్న కాగితమూ లేదు, కాదన్న కాగితమూ లేదు.

20 అడుగుల జీఐ పైపులు రెండు ఏడు నెలల కిందటే కొన్నాను. తొందరపడ్డాను, ఒప్పుకుంటాను. ప్రహరీ వారగా పడుకోబెడితే మా ఆవిడ ఒకదాన్ని ఏటవాలుగా నిలబెట్టి చిక్కుడు పాదు ఎక్కించేసింది. ఇప్పుడది పైదాకా అల్లుకుని పూత మీదుంది. మీ నుంచి జవాబు వస్తే పైపు కావాలి కదా అన్నాను. "సంక్రాంతికి కాయలు కోశాక తీసుకోండి, అప్పటిదాకా రాదులెండి" అంది.

ఇట్లు,
మీ విధేయుడు,
మోటారు వైండింగ్ పనివాడు,
కోనసీమ జిల్లా