కాలనీ సంక్షేమ సంఘం వార్షిక నివేదిక, 2022-23

సభ్యులందరికీ నమస్కారం.

డ్రైనేజీ, వీధిదీపాలు, వినాయక మండపం ఖర్చులు కోశాధికారి గారు విడిగా చదువుతారు. బోరు మోటారు గొడవ కూడా ఆయనకే వదిలేస్తున్నాను. ఈ ఏడాది సంఘం ఎక్కువగా తిరిగింది మానసిక ఆరోగ్యం పని మీద. "కరోనా పోయింది కదండీ, ఇప్పుడెందుకు ఇదంతా?" అని కొందరు అడిగారు కాబట్టి కాస్త వివరంగా చెప్పాలి.

2020 మార్చి 22న జనతా కర్ఫ్యూ, దాని వెనకే లాక్‌డౌన్. వైన్ షాపులు, కల్లు కాంపౌండ్లు ఒక్కసారిగా మూతపడ్డాయి. ఆ వారంలోనే మన వెనక వీధి తాపీ మేస్త్రీకి, చుక్క దొరకని రెండో రోజున ఫిట్స్ వచ్చాయి. ఎవరో చేతిలో తాళంచెవుల గుత్తి పెట్టారు, ఇంకొకరు ఉల్లిపాయ కోసి వాసన చూపించారు. మర్నాటికి ఆయన గోడ మీద లేని చీమల్ని దులుపుతూ కూర్చున్నాడు. ఏళ్ల తరబడి రోజూ తాగే మనిషికి మందు హఠాత్తుగా ఆగిపోతే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్, ఆ తర్వాత ఇలాంటి మతిభ్రమ రావచ్చు. వైద్యం అందకపోతే ప్రాణం మీదికి వస్తుంది. కల్తీ కల్లులో కలిపే అల్ప్రజోలం, డైజిపాం అనే మత్తుమందులు ఆగినా అదే తంతు. ఆ రోజుల్లో ఎర్రగడ్డ మానసిక వైద్యశాలకు జనం పోటెత్తింది ఇందుకే. "పీడా పోయింది, ఇక మానేస్తాడులే" అని సంబరపడిన ఇంటివాళ్లే రాత్రికి ఆటో కోసం పరుగులు పెట్టారు.

మాత్రలు ఆగిపోయిన ఇళ్లూ ఉన్నాయి. ఏళ్లుగా మందులతో నిక్షేపంగా ఉన్న ఒకామెకు పాత చీటీ మీద మందులు దొరకలేదు. కొద్దిరోజుల్లో నిద్ర పోయింది. అర్ధరాత్రి గిన్నెలన్నీ దించి తోమేది. పక్క ఫ్లాటువాళ్లు మన వాట్సాప్ గ్రూపులో చప్పుడు మీద ఫిర్యాదు పెట్టారు గానీ, తలుపు తట్టి ఏమైందని అడిగినవాళ్లు లేరు.

ఇది మన ఒక్క కాలనీ కథ కాదు. మొదటి వారాల్లో చాలా దేశాల్లో జనం ఆసుపత్రికి రావడానికే భయపడ్డారు. ఆ తర్వాత సంగతి చూడండి: అమెరికాలో ఆత్మహత్యాయత్నం అనుమానంతో ఎమర్జెన్సీకి వచ్చిన 12-17 ఏళ్ల అమ్మాయిల కేసులు 2019తో పోలిస్తే 2021 ఫిబ్రవరి-మార్చిలో 51 శాతం పెరిగాయి. మన దేశంలో జాతీయ నేర గణాంకాల ప్రకారం ఆత్మహత్యలు 2020లో 1,53,052, 2021లో 1,64,033. అందులో పెద్ద వాటా దినకూలీలది. అంతా లాక్‌డౌన్ వల్లే అనలేం గానీ, పని ఆగితే ముందు కుదేలయ్యేది ఎవరో తెలుస్తూనే ఉంది.

అందుకే ఈ ఏడాది ఒక మానసిక వైద్యురాలిని పిలిచి కమ్యూనిటీ హాల్లో శిక్షణ పెట్టించాం. వాచ్‌మన్లు, ఆటోవాళ్లు, ఇళ్లలో పనిచేసే ఆడవాళ్లే ముందు వరుసలో కూర్చుని ప్రశ్నలు అడిగారు. మన ఫ్లాటు ఓనర్లు వెనక కూర్చుని ఫోన్లు చూసుకున్నారు. ఫిట్స్ వస్తే పక్కకు తిప్పి పడుకోబెట్టాలి, నోట్లో ఏమీ పెట్టకూడదు, తాళాలతో పనిలేదు, 108కి ఫోన్ చేయాలి. చావు మాటలు మాట్లాడేవాళ్లను ఒంటరిగా వదలకూడదు. ఆ ఆలోచన ఉందా అని సూటిగా అడగొచ్చు, అడిగితే లేని ఆలోచన పుట్టదు. పోలీసు కేసు భయంతో ఆసుపత్రిలో నిజం దాచొద్దు. 2017 మానసిక ఆరోగ్య చట్టం 115వ సెక్షన్ ప్రకారం, ఆత్మహత్యాయత్నం చేసిన మనిషి తీవ్ర ఒత్తిడిలో ఉన్నట్టే లెక్క, వేరే రకంగా రుజువైతే తప్ప శిక్షించరు.

2022 అక్టోబరు 10న మొదలైన టెలిమానస్ (మానసిక సమస్యలకు ప్రభుత్వ ఫోన్ సహాయం) నంబరు 14416 స్టిక్కర్లు ప్రతి లిఫ్టులో అంటించాం. ఫోను ఉచితం, ఏ వేళైనా చేయొచ్చు. "ఇది చూస్తే ఫ్లాటు అద్దెకు పోదు" అని ఒక బ్లాకువాళ్లు పీకేశారు. మళ్లీ అంటించాం, ఈసారి గట్టి జిగురుతో.

వచ్చే ఏడాదికి కార్యవర్గం తీర్మానం ఒకటే: అర్ధరాత్రి పిలిస్తే వచ్చే ఆటోవాళ్లకు వెయిటింగ్ డబ్బులతో సహా సంఘం నిధి నుంచే చెల్లించాలి. దీనికి సభ ఆమోదం కావాలి. గేటు ఆర్చికి రంగులు మరో ఏడాది ఆగుతాయి.

కార్యదర్శి