మజ్జిగ పంచితే సేవ, చట్టం అడిగితే రాజకీయమా?

సంపాదకులకు నమస్కారం.

నేను విశాఖలో వీధి వ్యాపారులతో పనిచేసే ఓ చిన్న స్వచ్ఛంద సంస్థలో కార్యకర్తను. ఎండాకాలంలో మజ్జిగ, గొడుగులు పంచితే మెచ్చుకున్నవాళ్లే, బండ్లు తీయించే ముందు నోటీసు ఇచ్చారా అని అడిగేసరికి ‘ఈ రాజకీయాలు మీకెందుకమ్మా, సేవ చేసుకోండి’ అంటున్నారు. మాకు చందాలిచ్చే పెద్దలు కూడా అదే మాట అనడం చూసి ఈ ఉత్తరం రాస్తున్నాను.

మొన్న బీచ్ రోడ్డు దగ్గర మురీ మిక్చర్ అమ్మే ఒకావిడ బండిని సామానుతో సహా కార్పొరేషన్ వాళ్లు లారీలో వేసుకుపోయారు. మరమరాల బస్తా, ఉల్లిపాయలు, టమాటాలు, నిమ్మకాయలు, స్టీలు డబ్బాలు అన్నీ అందులోనే ఉన్నాయి. ‘కాయితం ఏటీ ఇవ్వనేదమ్మా’ అంది. సరుకు స్వాధీనం చేసుకుంటే జాబితా రాసి, సంతకం పెట్టిన నకలు వ్యాపారి చేతికివ్వాలని 2014 వీధి వ్యాపారుల చట్టం చెబుతోంది. రుసుము కట్టి అడిగితే పాడయ్యే సరుకు ఆ రోజే, మిగతాది రెండు పనిదినాల్లో తిరిగివ్వాలి. జాబితాయే లేకపోతే ఆవిడ ఏం చూపించి అడుగుతుంది? బండి ఎక్కడుందో తెలియకపోయినా డైలీ ఫైనాన్స్ కుర్రాడు మాత్రం సాయంత్రానికి గుమ్మంలో ఉంటాడు. చందాలేసుకుని మేం ఇంకో బండి కొనిపెట్టగలం. దాన్నీ పట్టుకుపోతే?

అసలు ఆ చట్టం ఎలా వచ్చిందని? అహ్మదాబాద్‌లో 1972లో ఇలాబెన్ భట్ ప్రారంభించిన స్వయం ఉపాధి మహిళల సంఘం ‘సేవ’, 1998లో మొదలైన వీధి వ్యాపారుల జాతీయ సంఘం లాంటివి ఏళ్ల తరబడి కోర్టుల చుట్టూ, ఢిల్లీ కార్యాలయాల చుట్టూ తిరగబట్టి 2004లో జాతీయ విధానం, పదేళ్లకు చట్టం వచ్చాయి. వాళ్లూ ‘సేవ చేసుకుంటే చాల్లే’ అనుకుని ఉంటే, సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ ఖాళీ చేయించకూడదన్న రక్షణ ఈరోజు ఉండేదే కాదు.

ఫుట్‌పాత్ నడిచేవాళ్లదే కదా అంటారు, నిజమే. పూర్ణా మార్కెట్ సందుల్లో సాయంత్రం పూట పెద్దవాళ్లు నడవడానికి పడే ఇబ్బంది నేనూ చూస్తున్నాను. ఎక్కడ అమ్మాలో, ఎక్కడ అమ్మకూడదో తేల్చడానికే చట్టం టౌన్ వెండింగ్ కమిటీని పెట్టమంది. దానికి మున్సిపల్ కమిషనర్ అధ్యక్షుడు. నూటికి 40 మందికి తగ్గకుండా వీధి వ్యాపారులు తమలోంచి ఎన్నుకున్నవాళ్లు ఉండాలి, వాళ్లలో మూడోవంతు ఆడవాళ్లు. స్వచ్ఛంద, స్థానిక సంస్థలకు కనీసం 10 శాతం. కాలనీ సంక్షేమ సంఘాలకు, ట్రాఫిక్ పోలీసులకు కూడా చోటుంది. అంటే విధానాల గురించి మాట్లాడడం మేం తలదూర్చి తెచ్చుకున్న పని కాదు, చట్టం మాకు అప్పగించిన బాధ్యత.

ఇక కార్పొరేషన్ అధికారులకు నా విన్నపం. కమిటీ సమావేశం ఎప్పుడో, ఏం చర్చిస్తారో వారం ముందే తెలుగులో రాసి వార్డు సచివాలయాల్లో అంటించండి. తీర్మానాలు కూడా అక్కడే పెట్టండి. ఉదయం పదకొండింటికి పిలిస్తే చేపలమ్మే ఆవిడ గంప వదిలి రాలేదు, టిఫిన్ బండివాళ్లు గిన్నెలు కూడా తోముకుని ఉండరు. మధ్యాహ్నం మూడింటికి పెడితే చాలామంది వస్తారు. బీచ్‌లో సాయంత్రం అమ్మేవాళ్లు ఆరోజు కాస్త ఆలస్యంగా బండి పెట్టుకుంటారు. వచ్చిన వాళ్లకు పోయిన బేరానికి సరిపడా భత్యం ఇస్తే మరీ మంచిది.

మా సంస్థల వాళ్లకూ ఒక మాట. అక్కడ ముందు మైకు మనం పట్టుకోవద్దు. ఏ మలుపులో బండి పెడితే బస్సు తిరగదో వ్యాపారులకి మనకన్నా బాగా తెలుసు. చట్టంలో ఏ సెక్షన్ ఏం చెబుతుందో పక్కన కూర్చుని మనం అందిద్దాం.

ఇట్లు,
ఓ స్వచ్ఛంద సంస్థ కార్యకర్త,
కంచరపాలెం, విశాఖపట్నం