ఈ వానాకాలం ద్రాక్ష మొక్కలు ఇవ్వడం లేదు

అడ్వాన్సు కట్టి ద్రాక్ష మొక్కల కోసం ఎదురుచూస్తున్న హనుమకొండ, కాజీపేట, పరకాల, జనగామ మిత్రులందరికీ నమస్కారం. జూలైలో ఇస్తామన్న బెంగళూరు బ్లూ మొక్కలు ఈ వానాకాలంలో మీకు అందవు. మీరు కట్టిన డబ్బు భద్రంగా ఉంది. కావలసినవారు ఏ రోజు వచ్చినా పూర్తిగా తిరిగి ఇస్తాను. అయితే నర్సరీలో కళ్లెదుటే పెరిగిన మొక్కలను ఎందుకు ఇవ్వలేకపోతున్నానన్నది మీరు నా నోటనే వినాలి.

మే నెలలో మాకు వచ్చిన మొక్కలు ప్రయాణం కోసం ఆకు దూసి, కొమ్మలు కత్తిరించి పంపినవి. ఆ స్థితిలో ఏ రకం ద్రాక్ష కడ్డీ అయినా ఒకేలా కనిపిస్తుంది. షేడ్ నెట్ కింద కొత్త ఆకులు విచ్చుకున్నాక తిప్పి చూస్తే, అడుగున ఉండవలసిన తెల్లని దట్టమైన నూగు వాటికి లేదు. బెంగళూరు బ్లూకు అమెరికాలో పుట్టిన లాబ్రస్కా జాతి నుంచి వచ్చిన గుర్తు అది. వీటి ఆకులేమో రెండు వైపులా నున్నగా ఉన్నాయి. తొలకరి జల్లులు పడిన కొద్ది రోజులకే ఆకుల పైభాగాన నూనె చుక్క పడినట్టు పసుపు మచ్చలు, సరిగ్గా వాటి కిందనే తెల్లని బూజు కనిపించాయి. అది డౌనీ మిల్డ్యూ, మన రైతులు బూజు తెగులు అనేది. పక్క పందిరి మీద ఉన్న మా పాత బెంగళూరు బ్లూ తీగ అదే వానలో తడిసినా పచ్చగానే ఉంది.

మొక్కలు పంపినవారికి ఫోన్ చేస్తే, రకం గుర్తుపట్టడం మీకు రాదేమో అన్నారు. ఫొటోలు పంపాక మాట మార్చి, బెంగళూరు బ్లూనూ మరో రకాన్నీ ఒకే మడిలో ఉంచామని, కలిసిపోయి ఉండవచ్చని, ఏదైనా ద్రాక్షే కాబట్టి అమ్మేయమని సలహా ఇచ్చారు. డబ్బు తిరిగి ఇవ్వరట, వచ్చే ఏడు సరుకులో సర్దుతారట. ఆకు చూసి రకం చెప్పగలగడమే నా వృత్తి. ఆ వృత్తినే తక్కువ చేసి మాట్లాడినవారి సర్దుబాటు నాకు అక్కరలేదు. వారి మొక్క ఇకపై మా గేటు దాటి లోపలికి రాదు.

నన్ను నిద్రపోనివ్వని ప్రశ్న ఆ తర్వాతది. ఉన్న విషయం చెప్పి, మందు కొట్టి, సగం ధరకు వీటిని అమ్మవచ్చు కదా అని ఇంట్లోవాళ్లు అన్నారు. పెట్టిన పెట్టుబడి చిన్నది కాదు కాబట్టి ఆ మాటను నేను తేలికగా తీసుకోలేదు. కానీ వానపడే చోట ద్రాక్ష పెంచేవారికి రకాన్ని మించిన రక్షణ లేదు. చలీ వానా ఎక్కువైన ఇంగ్లండ్‌లో వైన్ ద్రాక్ష పండుతుందా అని తేల్చడానికి బారింగ్టన్ బ్రాక్ అనే ఔత్సాహికుడు 1940లలో సర్రేలోని ఆక్స్‌టెడ్‌లో, తన ఇంటి దగ్గరే, అనేక రకాలను నాటి పరీక్షించాడు. అక్కడి పెరటి తోటల్లోకి, చలినీ తెగుళ్లనూ కొంత తట్టుకునే సీవాల్ బ్లాంక్ వంటి సంకర రకాలు రావడంలో ఆయన శ్రమ ఎంతో ఉంది. మనది వేడి నేల, వారి చలి మనకు లేదు. కానీ వాన విషయంలో మనమేమీ తీసిపోము. లండన్‌లో ఏడాది పొడవునా కురిసేది 600 మిల్లీమీటర్లకు కాస్త అటూ ఇటూ అయితే, ఓరుగల్లులో దాదాపు 1,000 మిల్లీమీటర్లు, అందులోనూ ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే కురుస్తుంది. తట్టుకోలేని రకాన్ని ఆ నాలుగు నెలలూ బతికించాలంటే ఒక శాతం బోర్డో మిశ్రమం, అంటే లీటరు నీటికి 10 గ్రాముల మైలుతుత్తం, 10 గ్రాముల సున్నం, మళ్లీ మళ్లీ చల్లుతూ ఉండాలి. పిల్లలు ఆడుకునే పెరట్లో, బట్టలు ఆరేసే డాబా మీద ఆ పని మీ చేత చేయించడం నాకు ఇష్టం లేదు. పైగా ఆ తెగులు గాలితో, వాన చినుకులతో పక్కింటి పందిరికీ పాకుతుంది. అందుకే ఆ మొక్కలన్నింటినీ పీకించి కాల్పించాను. వాటిలో ఒక్కటి కూడా బయటికి వెళ్లలేదు. ఇతర చోట్ల బెంగళూరు బ్లూ పేరుతో మొక్క కొన్నవారు కూడా ఒకసారి ఆకు తిప్పి చూసుకోవడం మంచిది.

ఇక మొక్కలను బయటి నుంచి తెప్పించను, ఇక్కడే తయారు చేస్తాను. అక్టోబరు కత్తిరింపులో మా పాత తీగ నుంచి పెన్సిల్ మందమున్న ముదురు కడ్డీలను నాలుగేసి కణుపులకు కోసి నాటిస్తాను. వేళ్లు పట్టి, ఆకు విచ్చి, అడుగున నూగు నేను స్వయంగా చూసిన తర్వాతే మొక్క మీ చేతికి వస్తుంది. అది ఫిబ్రవరికి ముందు జరిగే పని కాదు. ధర మాత్రం మీకు చెప్పినదే. అప్పటిదాకా ఆగేవారి పేర్లు జాబితాలో ఇప్పుడున్న వరుసలోనే ఉంటాయి.

మా ఒక్క తీగ కడ్డీలు అందరికీ సరిపోవు. గతంలో మా దగ్గర బెంగళూరు బ్లూ తీసుకుని కాయలు కోసుకున్నవారు అక్టోబరులో కత్తిరించిన కొమ్మలను పారేయకండి. తడి గోనెసంచిలో చుట్టి అదే రోజు నర్సరీకి చేర్చండి, లేదా ముందుగా కబురు చేస్తే మా అబ్బాయి వచ్చి తీసుకుంటాడు. అలా కొమ్మలు ఇచ్చిన ప్రతి ఇంటికీ వేళ్లు పట్టిన మొక్క ఒకటి ఉచితంగా ఇస్తాను.