పాత పాయింటర్‌ని ఎప్పుడు వదలాలి

కర్నూలు,
ఆదివారం

ఒరేయ్ రమణా,

నీ ఉత్తరమూ, దాంతో పాటు పంపిన ప్యాకెట్ ఫిల్టర్ డ్రైవర్ కోడూ (వచ్చే నెట్‌వర్క్ ప్యాకెట్‌కి ఏ రూల్ వర్తిస్తుందో టేబుల్‌లో వెతికేది) రెండూ చదివాను. "రీడర్లు ఒకరినొకరు ఆపుకోని లాకే కదా పెట్టాను, మరి ల్యాప్‌టాప్‌లో పరిగెత్తే డ్రైవర్ 64 కోర్ల సర్వర్ మీద ఎందుకప్పా ఇట్లా పాకుతోంది?" అని అడిగావు. దీనికి మందు ఆర్‌సీయూ అనే పద్ధతి, ఫోన్‌లో చెబితే సగం గాలికి పోతుంది, అందుకే తీరిగ్గా రాస్తున్నా. ఇక్కడ ఎండ మండిపోతోంది, మధ్యాహ్నం బయటికి కదిలే పని లేదు కాబట్టి ఉత్తరం పొడుగైతే నన్నేమీ అనొద్దు.

ముందు నీ లాక్ సంగతి. టేబుల్‌ని చదివే కోడ్‌ని రీడర్ అనీ, మార్చే కోడ్‌ని రైటర్ అనీ అందాం. రీడ్-రైట్ లాక్‌లో ఎంతమంది రీడర్లయినా ఒకేసారి లోపలికి వెళ్ళొచ్చు, నిజమే. కానీ లోపలికి వెళ్ళే ప్రతివాడూ ఆ లాక్‌లోని లెక్కని ఒకటి పెంచాలి, బయటికొచ్చేటప్పుడు ఒకటి తగ్గించాలి. పేరుకు రీడరే గానీ చేసేది రాత పని. ఆ లెక్క ఉన్న 64 బైట్ల క్యాష్ లైన్ (కోర్ తన దగ్గర కాపీగా ఉంచుకునే మెమరీ ముక్క) మీద రాయాలంటే ముందు ఆ లైన్ ఆ కోర్ సొంతం కావాలి, మిగతా కోర్ల దగ్గరున్న కాపీలన్నీ చెల్లకుండా పోవాలి. మరుక్షణం ఇంకో కోర్ వచ్చి దాన్ని లాక్కుంటుంది. నీ టేబుల్‌లో వెతకడానికి పట్టే టైమ్ కంటే ఆ లైన్ చేతులు మారడానికి పట్టే టైమే ఎక్కువ. నాలుగు కోర్లలో ఇది కనపడదు. రెండు సాకెట్ల, అంటే రెండు ప్రాసెసర్ చిప్‌ల సర్వర్‌లో ఆ లైన్ ఈ సాకెట్ నుంచి ఆ సాకెట్‌కి తిరుగుతూనే ఉంటుంది, కోర్లు పెంచేకొద్దీ పని వెనక్కి పోతుంది.

సరే, రీడర్లకి లాకే తీసేద్దామంటే అసలు చిక్కు అప్పుడు మొదలవుతుంది. రీడర్ లిస్ట్‌లోని ఒక నోడ్ (ఒక ఎంట్రీ) పాయింటర్, అంటే దాని మెమరీ చిరునామా, పట్టుకొని చదువుతుంటాడు. రైటర్ ఆ నోడ్‌ని లిస్ట్ నుంచి తీసి, మెమరీ తిరిగి ఇచ్చేస్తాడు, అంటే ఫ్రీ చేస్తాడు. ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ అయిన కెర్నల్ అదే మెమరీని ఇంకెవరికో ఇస్తుంది. ఇక రీడర్ చదివేది ఎవరిదో డేటా. వెంటనే క్రాష్ అయితే అదృష్టమే. కాకపోతే తప్పుడు విలువ నిశ్శబ్దంగా లోపలికి పాకుతుంది, రెండు రోజుల తర్వాత వేరే ఎక్కడో పేలుతుంది. లిస్ట్ నుంచి తీయడం ఎవరికైనా వస్తుంది రా. తీసినదాన్ని ఎప్పుడు ఫ్రీ చేయాలో తెలియడమే కష్టం. ఈ రెండూ వేర్వేరు పనులని మనసులో పడితే మిగతాదంతా దారిన పడుతుంది.

మన హంద్రీ మీద పాత వంతెన ఒకటి పడగొట్టాలనుకో, పక్కనే కొత్తది తయారుగా ఉంది. పాతదాని మొదట్లో బారికేడ్ పెడతావు. ఇక కొత్తగా వచ్చేవాళ్ళంతా కొత్త వంతెన మీదుగానే కల్లూరు వైపు పోతారు. పాతదాని మీద అప్పటికే ఉన్నవాళ్ళు దిగేదాకా మాత్రం ఆగాలి, బారికేడ్ పెట్టాక వచ్చినవాళ్ళతో నీకు పని లేదు. ఎంతమంది ఉన్నారో లెక్కపెట్టడానికి మనిషిని నిలబెడితే మళ్ళీ నీ లాక్ కథే. దానికి బదులు, బారికేడ్ పెట్టిన తర్వాత ఊళ్ళో ఉన్న ప్రతి ఆటో ఒక్కసారైనా దాని స్టాండులో ఆగి కనిపించిందా అని చూస్తే చాలు. స్టాండులో ఆగిందంటే పాత వంతెన మీద లేనట్టే కదా. ఎక్కేవాడూ దిగేవాడూ ఎవరికీ ఏమీ చెప్పలేదు, అయినా నీకు కావలసింది తెలిసిపోయింది.

ఆర్‌సీయూ చేసేది సరిగ్గా ఇదే. రీడ్-కాపీ-అప్‌డేట్ అన్నమాట. స్టాండులో ఆగడమంటే ఆ కోర్ మీద టాస్క్ మారడం, లేదా కోర్ ఖాళీగా ఉండడం, లేదా యూజర్ ప్రోగ్రామ్‌లోకి పోవడం. రీడర్ మధ్యలో నిద్రపోకూడదన్న ఒక్క నియమం పెట్టుకుంటే, టాస్క్ మారిన కోర్ మీద పాత రీడర్ ఉండే అవకాశమే లేదు. అన్ని కోర్లూ ఒక్కసారి అలా మారేదాకా పట్టే వ్యవధినే గ్రేస్ పీరియడ్ అంటారు. అది గడిచాక ఫ్రీ చేస్తే ఎవరి చేతిలోనూ పాత పాయింటర్ ఉండదు. ప్రీఎంప్షన్ (నడుస్తున్న టాస్క్‌ని మధ్యలో ఆపి ఇంకోదాన్ని ఎక్కించడం) లేని కెర్నల్‌లో ఆర్‌సీయూ రీడ్ లాక్ అని రాస్తే ప్రాసెసర్‌కి ఒక్క ఇన్‌స్ట్రక్షన్ కూడా పుట్టదు, ఈ గీత దాటించి కోడ్‌ని జరపొద్దని కంపైలర్‌కి ఒక మాట మాత్రమే. ఇది మొదటిసారి అర్థమైనప్పుడు నాకు కలిగిన ఆనందం ఇప్పటికీ తగ్గలేదురా. ప్రీఎంప్షన్ ఉన్న కెర్నల్‌లో రీడర్ మధ్యలోనే పక్కకి నెట్టబడొచ్చు కాబట్టి, ప్రతి టాస్క్‌లో చిన్న లెక్క ఒకటి ఉంచుతారు. అది ఆ టాస్క్ సొంతం, కోర్ల మధ్య తిరగదు.

ఫ్రీ చేయడం వాయిదా వేయాలన్న ఊహ పాతదే. 1980లో కుంగ్, లేమన్ బైనరీ సెర్చ్ ట్రీల మీద రాసిన పేపర్‌లో పాత నోడ్‌లని గార్బేజ్ కలెక్టర్‌కి (ఎవరూ వాడని మెమరీని తానే ఏరేసేది) వదిలేశారు. కెర్నల్‌లో కలెక్టర్ యాడుంటుంది? సీక్వెంట్ కంపెనీలో పాల్ మెకెన్నీ, జాన్ స్లింగ్‌వైన్ 1990ల్లో డైనిక్స్ అనే తమ ఆపరేటింగ్ సిస్టమ్ కోసం దీన్ని పనికొచ్చే రూపంలోకి తెచ్చారు. లైనక్స్‌లోకి 2002 అక్టోబర్‌లో, 2.5.43 వెర్షన్‌లో వచ్చింది. ఆ ప్యాచ్ వెనక ఉన్న దీపాంకర్ శర్మ ఐబీఎమ్ బెంగుళూరు ల్యాబ్‌లో పనిచేసిన మనిషి. నువ్వు రోజూ ట్రాఫిక్‌లో తిట్టుకునే ఊళ్ళోనే ఈ పని జరిగిందని నీకు చెప్పాలనిపించింది.

ఇక లాక్ బదులు ఆర్‌సీయూతో నువ్వు రాసి చూసిన రెండో కోడ్. డిలీట్ ఫంక్షన్‌లో లిస్ట్ డెల్ ఆర్‌సీయూ (లిస్ట్ నుంచి తీసేది) అని రాసి, కింది లైన్‌లోనే కేఫ్రీ (వెంటనే ఫ్రీ చేసేది) అన్నావు. బారికేడ్ పెట్టిన నిమిషంలోనే బుల్డోజర్ పంపినట్టు. స్ట్రక్చర్‌లో ఒక ఆర్‌సీయూ హెడ్ పెట్టి, కేఫ్రీ బదులు కేఫ్రీ ఆర్‌సీయూ వాడు, గ్రేస్ పీరియడ్ అయ్యాక కెర్నలే చూసుకుంటుంది. నువ్వు సొంతంగా కాల్‌బ్యాక్ (గ్రేస్ పీరియడ్ అయ్యాక పిలవమని ఇచ్చే ఫంక్షన్) రాసి కాల్ ఆర్‌సీయూ వాడితే మాత్రం, మాడ్యూల్ తీసేసేముందు ఆర్‌సీయూ బ్యారియర్ (మిగిలిన కాల్‌బ్యాక్‌లు అయ్యేదాకా ఆగేది) పిలవడం మర్చిపోవద్దు. కాల్‌బ్యాక్ పరిగెత్తే టైమ్‌కి దాని కోడే మెమరీలో లేకపోతే ఏమవుతుందో నీకు వేరే చెప్పనక్కరలేదు.

రెండోది ఇంకా సూక్ష్మమైనది. నీ లుకప్ ఫంక్షన్ ఆర్‌సీయూ రీడ్ లాక్ తీసుకొని, ఎంట్రీ కనుక్కొని, అన్‌లాక్ చేసి, ఆ తర్వాత పాయింటర్‌ని బయటికి ఇస్తోంది. పిలిచినవాడు దాంట్లో హిట్ కౌంట్ పెంచుతున్నాడు. అన్‌లాక్ అయిన క్షణం నుంచి ఆ పాయింటర్‌కి ఎవరి హామీ లేదు. పని లోపలే ముగించు, లేదా లోపల ఉన్నప్పుడే రెఫరెన్స్ కౌంట్ (ఎంతమంది వాడుతున్నారన్న లెక్క) సున్నా కాకపోతేనే పెంచి బయటికి తీసుకుపో. కెర్నల్‌ని ఏళ్ళుగా రాస్తున్నవాళ్ళకి కూడా ఈ జాతి తప్పు దొరకకుండా పోతుంది. లైనక్స్‌లో 2023లో బయటపడ్డ స్టాక్‌రాట్ అనే భద్రతా లోపం దీనికి దగ్గరి బంధువే. మేపుల్ ట్రీ (ప్రోగ్రామ్ మెమరీ ఏ భాగం ఎక్కడుందో కెర్నల్ రాసుకునే చెట్టు) నోడ్‌లని ఆర్‌సీయూ ప్రకారం ఆగే ఫ్రీ చేస్తున్నారు, చదివేవాడేమో మెమరీ మ్యాప్ రీడ్ లాక్ మాత్రమే పట్టుకొని ఉన్నాడు. రైటర్ ఒక పద్ధతి, రీడర్ ఇంకో పద్ధతి పాటిస్తే హామీ ఎక్కడుంటుంది?

మూడోది, రీడ్ సెక్షన్ లోపల నిద్రపోయే రకం మెమరీ అలొకేషన్ చేశావు. అది బయటికి తెచ్చేయ్, అంతే.

రీడర్‌కి పాత విలువ కనిపించొచ్చు కదా అని నీకు టెన్షన్ రావచ్చు. కనిపిస్తుంది, కాసేపు. నీది ప్యాకెట్ ఫిల్టర్ టేబుల్. రూల్ మారిన కబురు నీ మెషీన్‌కి చేరేసరికే బయట ప్రపంచంలో ఆలస్యమైపోయింది, ఇంకో క్షణం పాత రూల్‌తో పోయిన ప్యాకెట్ వల్ల కొంప మునగదు. అదే బ్యాంకు బ్యాలెన్స్ అయితే నేను ఈ సలహా ఇవ్వను. రైటర్లు ఒకరి మీద ఒకరు పడకుండా మామూలు లాక్ ఎలాగూ ఉండాలి, నీ మ్యూటెక్స్ అలాగే ఉంచు.

ఖర్చు లేకుండా ఏదీ రాదు. ఒక్క రీడర్ ఇరుక్కుపోతే గ్రేస్ పీరియడ్ ముగియదు, ఫ్రీ కావలసిన మెమరీ అంతా పోగుపడుతూ ఉంటుంది. అందుకే మెయిన్‌లైన్ కెర్నల్ 21 సెకన్లు చూసి స్టాల్ (ఎవరో ఇరుక్కున్నారు) అని లాగ్‌లో అరుస్తుంది. ఆ మెసేజ్ కనిపిస్తే టైమ్ పెంచి నోరు మూయించకు, ఏ కోర్ ఇరుక్కుందో దాని స్టాక్ ట్రేస్ (ఏ ఫంక్షన్ ఏ ఫంక్షన్‌ని పిలిచిందో చూపే జాబితా) చదువు. మాగెడ్ మైకేల్ కనిపెట్టిన హజార్డ్ పాయింటర్లు ఈ బాధకి మందు. రీడర్ తాను చదివే పాయింటర్‌ని ముందుగా ప్రకటిస్తాడు, రైటర్ ఆ జాబితా చూసి దాన్ని మాత్రం వదిలేసి మిగతావి ఫ్రీ చేస్తాడు. పేరుకుపోయే చెత్తకి హద్దుంటుంది, కానీ ప్రతి చదువుకీ ఒక రాత, సాధారణంగా ఒక మెమరీ బ్యారియర్ (చదువు, రాతల వరుస మారకుండా ప్రాసెసర్‌ని ఆపే ఇన్‌స్ట్రక్షన్) ఖర్చు. యూజర్ స్పేస్‌లో థ్రెడ్ ఎప్పుడు ఆగిపోతుందో తెలియని చోట నేను అవే ఎంచుకుంటా. కెర్నల్‌లో, చదివేవాళ్ళు లక్షల్లో, రాసేవాళ్ళు అప్పుడప్పుడూ ఉండే నీ టేబుల్‌కి నా ఓటు ఆర్‌సీయూకే.

మార్చాక ప్రూవ్ ఆర్‌సీయూ, కేసాన్ (ఆర్‌సీయూ తప్పులనీ, మెమరీ తప్పులనీ పట్టే కెర్నల్ సాధనాలు) రెండూ ఆన్ చేసి కెర్నల్ కట్టు. ఒక థ్రెడ్ రూల్స్ పెడుతూ తీస్తూ ఉండగా మిగతా కోర్లన్నీ వెతికేలా రాత్రంతా నడిపి, లాగ్ నాకు పంపు. కోర్లు పెరిగేకొద్దీ స్పీడ్ ఎలా మారిందో, పాత లాక్‌తోనూ కొత్తదాంతోనూ, రెండు గ్రాఫులు కూడా పెట్టు.

చెల్లెమ్మని అడిగానని చెప్పు. మీ నాయన మోకాలి నొప్పి ఎట్లుందో రాయలేదు నువ్వు. ఉగాదికి వస్తే మా ఇంట్లోనే దిగండి, అమ్మ ఉగ్గాని బజ్జీ చేస్తానంది. వచ్చేలోపు ప్యాచ్ మాత్రం పంపు, ఈసారి కామెంట్లలో ఏ పాయింటర్‌ని ఏ లాక్ కాపాడుతోందో రాయి.

నీ
శీను