సంఘం వార్షిక నివేదిక: ఇంటి పన్ను, మన ఓటు

సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన సమావేశాల్లో ఎక్కువ సమయం ఇంటి పన్నుకే పోయింది. పట్టణంలో పాలకవర్గం గడువు ముగిసి ప్రత్యేకాధికారి పాలన వచ్చింది. ఎన్నికలు ఆగిపోయాయి, పన్ను నోటీసులు మాత్రం ఆగలేదు. పైగా నిరుటి కంటే ఎక్కువ మొత్తంతో వచ్చాయి.

నోటీసులు అందిన వారంలోనే మూడో వీధి పెద్దాయన ఒకరు ప్లాస్టిక్ కవర్లో పాత రశీదులన్నీ పెట్టుకుని సంఘం హాలుకు వచ్చారు. కొన్నిటి మీద సిరా వెలిసిపోయింది. ఒక్క ఏడాది కూడా బాకీ లేదు. ఆయన ఇంటి ముందు మురుగు కాలువలో పూడిక తీయమని అర్జీ పెట్టి నెలలు దాటింది. "ఇదివరకు కౌన్సిలర్ ఇంటికెళ్లి నిలదీసేవాళ్లం. ఇప్పుడు ఎవరి గుమ్మం తొక్కాలి నాయనా?" అని అడిగారు. నా దగ్గర సమాధానం లేదు.

పన్ను కట్టడం మానేద్దామని కుర్రాళ్లు పట్టుబట్టారు. గొంతులు లేచాయి. అందుకే ఒక ఆదివారం సాయంత్రం, ఒకప్పుడు పన్ను కట్టబోమని జనం ఎదురుతిరిగిన చీరాల-పేరాల ఉద్యమం గురించి సభ పెట్టాం.

1919లో మద్రాసు ప్రభుత్వం చీరాల, పేరాలను కలిపి మునిసిపాలిటీ చేసింది. ఏడాదికి సుమారు 4 వేల రూపాయలున్న పన్ను 40 వేలకు ఎగబాకింది. మగ్గం మీద బతికే ఊరికి అది మోయలేని బరువు. ఎన్నికైన సభ్యులు రాజీనామా చేస్తే ప్రభుత్వం జీతానికి ఒక ఛైర్మన్‌ను పెట్టి వసూళ్లు సాగించింది. పన్ను కట్టనందుకు జైలుకు పోయినవారిలో ఒక మహిళ కూడా ఉంది. 1921 ఏప్రిల్‌లో గాంధీ వచ్చి వెళ్లాక, ఉద్యమ నాయకుడు దుగ్గిరాల గోపాలకృష్ణయ్య మాట మీద సుమారు 15 వేల జనాభాలో 13 వేల మంది ఇళ్లు వదిలేసి, ఊరి బయట పాకలు వేసుకున్నారు. దానికి రామనగర్ అని పేరు పెట్టుకున్నారు. ముసలీముతకా, పసిపిల్లలతో దాదాపు 11 నెలలు అక్కడే ఉన్నారు. దుగ్గిరాలను బరంపురంలో అరెస్టు చేసి జైల్లో పెట్టాక, కష్టాలు ముదిరి, జనం తిరిగి ఊళ్లోకి రావాల్సి వచ్చింది.

ఈ భాగం చదువుతున్నప్పుడు హాల్లో ఎవరూ మాట్లాడలేదు.

చీరాల-పేరాల వాళ్లకు ఆ ప్రభుత్వాన్ని మార్చే ఓటు లేదు. మనకు ఉంది, వాడుకునే రోజే రావడం లేదు. 1992లో చేసిన 74వ రాజ్యాంగ సవరణ ప్రకారం మునిసిపాలిటీ గడువు అయిదేళ్లు, అది ముగిసేలోపే ఎన్నికలు పూర్తి కావాలి. చట్టం మన వైపే ఉంది కాబట్టి, పన్ను ఆపితే వడ్డీ పడేది మనకే, వాదన బలహీనపడేదీ మనదే అని నేను గట్టిగా చెప్పాను. చివరికి సభ ఒప్పుకుంది: పన్ను కడదాం, రశీదు నకలు జతచేసి ఎన్నికలు పెట్టమని ప్రతి ఇంటి నుంచీ అర్జీ ఇద్దాం. పెద్దాయన రశీదుల నకళ్లే ఫైల్లో మొదట పెట్టాం.

కాలువ పూడిక తీశారు. ఎన్నికల తేదీ ఇంకా రాలేదు.

జమాఖర్చుల పట్టిక నోటీసు బోర్డులో పెట్టాం. దోమల మందు, వీధి దీపాల పనులు ఎప్పటిలాగే జరిగాయి.

ఓటరు జాబితాలో మన వీధుల పేర్లు సరిచూసే పని వచ్చే ఆదివారం ఉదయం హాల్లో మొదలవుతుంది. కొత్తగా 18 నిండిన పిల్లల్ని కూడా వెంటబెట్టుకు రండి.

ఇట్లు,
కార్యదర్శి